తారుమారైన తేదీలు

ప్రశ్న: మల్లేశ్వరంలో తెలుగువాళ్లం నడుపుకునే చిన్న లైబ్రరీకి కోహా సాఫ్ట్‌వేర్ పెట్టాం. సభ్యుల జాబితాను ఎక్సెల్ నుంచి ఎక్కించాక, 2025 ఏప్రిల్ 5న తీరాల్సిన సభ్యత్వం మే 4 దాకా ఉన్నట్టు చూపిస్తోంది. ఎలా సరిచేయాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. 05/04ను మనం ఏప్రిల్ 5 అని చదువుకుంటాం, అమెరికా పద్ధతిలో అది మే 4. కోహా సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో ‘డేట్‌ఫార్మాట్’ ఉంటుంది, అందులో రోజు/నెల/సంవత్సరం ఎంచుకోండి. దాంతో పని అయిపోయిందనుకునేరు! డేటాబేస్‌లో ఇప్పటికే 2025-05-04 అని కూర్చున్న తేదీ దానంతటది మారదు.

రోజు అంకె 12 దాటినవి నెలగా చెల్లవు కాబట్టి ఎక్కించేటప్పుడే దొరికిపోతాయి. 05/05 లాంటివాటికి ఎలాగూ ఢోకా లేదు. మిగతావే దొంగలు, వాటినే వెతకండి.

మళ్లీ ఎక్కించే ఫైల్లో తేదీలన్నీ 2025-04-05 (సంవత్సరం-నెల-రోజు) వరసలో ఉంచండి. సెట్టింగ్ ఏదైనా కోహా దీన్ని సరిగ్గానే తీసుకుంటుంది. ఎక్కించే ఆ సీఎస్‌వీ ఫైల్ని (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోండి. ఎక్సెల్ తేదీలను తనకు తోచినట్టు మార్చేస్తుంది, దాన్ని నేనైతే నమ్మను. ఆపైన కార్డు నంబరుతో సరిపోల్చి, పాత వివరాల మీద కొత్తవి రాసే ఎంపికతో ఎక్కించండి.