కొమ్మలు కొడుతుంటే పిట్టగూడు కదిలింది, ఇప్పుడేం చేయాలి?

గూడును వెంటనే ఉన్నచోటే, కుదరకపోతే పక్క కొమ్మ మీద నిలబెట్టి దూరంగా వచ్చేయండి. తల్లిపిట్ట చోటును గుర్తుపెట్టుకుని వస్తుంది. మనం దగ్గరే ఉంటే భయపడి రాదు.

తిరుపతి ఇళ్లలో మందార చెట్టు కత్తిరిస్తుంటే పిగిలిపిట్ట గూడు బయటపడుతుంటుంది. నల్లటి తల, తోక కింద ఎర్రటి మచ్చ ఉండే పిట్ట అది. గూడు ఒరిగిపోతే చిన్న వెదురుబుట్టలో పెట్టి పురికొసతో కొమ్మకు కట్టండి. నీడ పోయిందా, నరికిన రెమ్మల్నే పైన అడ్డంగా కట్టాలి. ఈ ఊరి ఎండకు ఈకలు రాని పిల్లలు పాపం తట్టుకోలేవు.

మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ, ఆ టెన్షన్ వద్దు. మాటిమాటికీ తొంగిచూడటమే అసలు ప్రమాదం, ముఖ్యంగా గుడ్లున్నప్పుడు. పిల్లల నోట్లో పాలు, నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.