పరీక్షలు పెట్టకపోతే నాలుగేళ్ల పాప నేర్చుకుంటోందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ పాపకు నాలుగేళ్లనీ, అంగన్‌వాడీలో మార్కులేమీ ఇవ్వకుండా బొమ్మల ఫైలొకటి చూపించి పంపారనీ రాశారు. నేనూ అంగన్‌వాడీ టీచర్నేనండీ, నల్లగొండ జిల్లాలో తండా పక్కనే మా కేంద్రం. ఆ ఫైలును తేలిగ్గా తీసుకోకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు అసలు తగవని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంలోనే ఉంది.

ఫైలు చేతికొస్తే బొమ్మ అందంగా ఉందా లేదా అని చూడకండి. కాగితం వెనక్కి తిప్పి తేదీ చూడండి. జూన్‌లో గీసిన మనిషినీ, సంక్రాంతి సెలవులయ్యాక గీసిన మనిషినీ పక్కపక్కన పెట్టండి. మొదట్లో అన్నీ గజిబిజి గీతలే. తర్వాత ఒక గుండ్రం వస్తుంది, కాళ్లు నేరుగా ఆ తలకాయకే మొలుస్తాయి. ఇంకొన్నాళ్లకు పొట్ట, చేతులు, వేళ్లు. పిల్లలు బొమ్మ గురించి చెప్పింది చెప్పినట్టే నేను వెనకాల రాస్తాను. "మా నానమ్మ, బస్సు పోతుందని ఉరుకుతుంది" అన్నాడొక బాబు. కాగితం మీద ఉన్నవి నాలుగు గీతలే, కానీ ఎవరు, ఏం చేస్తున్నారు, ఎందుకు అన్నది మొత్తం చెప్పేశాడు. దీనికి పదికి ఎన్ని మార్కులు వేస్తాం?

అయితే కేంద్రంలో మాకు కనబడేది సగమే. ఒక లంబాడీ పాప ఉండేది. తెలుగు రాక నోరు విప్పేది కాదు. చిన్నపిల్లల సంరక్షణ, చదువు గురించి ఇంటివాళ్లను పిలిచి నెలకోసారి జరిపే ఈసీసీఈ డేకి వాళ్ల నానమ్మ వచ్చి, ఇంట్లో చింతగింజలు ఐదేసి కుప్పలు పోస్తుందనీ, మేకపిల్లల్లో ఒకటి తగ్గినా పట్టేస్తుందనీ చెప్పింది. అదీ తేదీ వేసి ఫైల్లో రాశాను. మర్నాడు గింజలు ముందు పోస్తే, తన భాషలో గడగడా లెక్కపెట్టింది.

మీరు కూడా పాప ఇంట్లో తనంతట తాను చేసేవి టీచరుకు చెప్పండి. పప్పు డబ్బా, బియ్యం డబ్బా గుర్తుపట్టడం, చెప్పులు జతలుగా పెట్టడం, తమ్ముడికి కథ చెప్పడం, ఏదైనా సరే. చెయ్యి పట్టుకుని గీయించి మాత్రం పంపకండి, అది మీ బొమ్మ అవుతుంది. పక్కింటి పిల్ల ఫైలుతో అసలే పోల్చకండి.

పిలిస్తే పలకకపోయినా, ఈ వయసుకు చిన్న వాక్యాలు కూడా రాకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఫైలుతో సరిపెట్టుకోవద్దు. పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తుంది. అప్పటిదాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ ఫైలు పట్టుకెళ్తే, ఎప్పటినుంచి ఏం మారిందో తేదీలతో సహా ఆయనకు చూపించొచ్చు.