‘తాతా, నీ పేరేటి?’ అని అడుగు

ప్రశ్న: శ్రీకాకుళంలో జీఎన్‌ఎం నర్సింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన తాత ఒకాయనకి తెలివి ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు చూసి 13 అని రాశాను. ‘పదమూడంటే ఏటి?’ అన్నారు వార్డు సిస్టరు. కూడిక సరిగ్గానే ఉంది కదా మేడమ్, ఇంకేం చెప్పాలి?

జవాబు: సిస్టరు అడగాల్సిందే అడిగారు తల్లీ. కళ్లు 3, మాట 4, కదలిక 6 కలిపితే పదమూడు. 4, 4, 5 కలిపినా పదమూడే. మొదటాయన చెప్పిన పని చేస్తున్నాడు. రెండో ఆయన నొక్కిన చోటికి చెయ్యి తెస్తున్నాడంతే. ఫోనులో వట్టి పదమూడంటే డాక్టరుకి ఏం తెలుస్తుంది? 1974లో టీస్‌డేల్, జెన్నెట్ ఈ స్కేలు ఇచ్చింది ఎవరు చూసినా ఒక్కలాగే చెప్పుకోడానికి. ఇ అంటే కళ్లు, వి అంటే మాట, ఎం అంటే కదలిక. ఇ3, వి4, ఎం6 అని విడివిడిగా రాయి.

మాట దగ్గర పుస్తకం భాష వదిలెయ్. ‘తాతా, నీ పేరేటి? ఇప్పుడెక్కడున్నావు? ఇదే నెల?’ అని అడుగు. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్లు, సీతంపేట వైపు సవర వాళ్లు వస్తారు. నీ భాష రానాయన తికమకపడినట్టు కాదు. ఇంటివాళ్లచేత అడిగించు, ఎవరూ లేకపోతే చూడలేకపోయామని కారణంతో రాయి.

వేలు పట్టుకున్నాడని ఎం6 వేసెయ్యకు. అరచేతిలో వేలు పెడితే తెలివి లేనివాళ్లూ పట్టుకుంటారు. ‘పట్టు’ అన్నాక ‘వదులు’ అను. రెండూ చేస్తేనే 6. పలక్కపోతే గోటి కొస మీద పెన్నుతో నొక్కు. రొమ్ము మీద పిడికిలితో రుద్దడం మానేయండి, కమిలిపోతుంది.

కంటిపాపలకి టార్చి పక్క నుంచి తేవాలి. ఒక్కో కన్నూ విడిగా, ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. మన ముసలాళ్లలో శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లెక్కువ. ఆ పాప వంకరగా ఉండొచ్చు, వెలుగుకి కదలకపోవచ్చు. ముందే అడిగి తెలుసుకో. పురుగుల మందు తాగినవాళ్ల పాపలు సూదిమొనంత ఉంటాయి, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పడ్డాక పెద్దవవుతాయి. ఇంజక్షన్ టైము పక్కన రాయకపోతే తరవాత డ్యూటీ వాళ్లు కంగారు పడతారు.

కట్లపాము కాటు మాత్రం బాగా గుర్తుపెట్టుకో. రెప్పలు వాలిపోతాయి, మాట రాదు, చెయ్యి లేవదు. స్కోరు 3, అంటే అన్నిటికన్నా తక్కువ, అనిపిస్తుంది. లోపల మాత్రం తెలివి ఉండొచ్చు, నువ్వన్నదంతా వింటూ ఉండొచ్చు. రెప్ప వేలితో ఎత్తి ‘పైకి చూడు, కిందికి చూడు’ అను. కనుగుడ్డు కదిలిందా, అదీ రాయి. ఆ మంచం దగ్గర నోరు జాగ్రత్త. ఊపిరి మీద కన్నెయ్, ఏ నిమిషమైనా మందగించొచ్చు.

తెలివి తగ్గిన ఎవరికైనా వేలి చుక్కతో షుగరు చూడ్డం మరవకు.

మీ తాత సంగతి. స్కోరు ఒక్కటి తగ్గి అలాగే ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా వెంటనే డాక్టరుకి చెప్పు. బీపీ పెరిగి నాడి నెమ్మదించేదాకా ఆగితే ఆలస్యమే. రాత్రి కోడలు ‘ఇప్పుడే కన్నంటుకుంది, లేపకండమ్మా’ అంటుంది. లేపు. గురక పెడుతున్నా లేపు.