తుంటి విరిగితే ఒకరికి రాడ్డు, ఇంకొకరికి బంతి మార్పిడి ఎందుకు?

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్లు. బాత్రూంలో జారిపడితే తుంటి విరిగింది, బంతి మార్చాలన్నారు. నిరుడు పక్కింటి తాతగారికీ తుంటే విరిగింది, ఆయనకు రాడ్డు వేసి పంపించేశారు. అసలు ఆపరేషనే వద్దు, కట్టు కట్టించి ఆరు వారాలు పడుకోబెట్టమని చుట్టాల మాట. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఇద్దరికీ విరిగింది తొడ ఎముకే, చోటు వేరు. ఆ ఎముక పైకొసన బంతి, దాని కింద సన్నటి మెడ, ఆ కింద రెండు బొడిపెలు ఉంటాయి. బంతికి రక్తం చాలావరకు మెడను అంటిపెట్టుకుని పైకి పాకే సన్నని నాళాల నుంచే అందాలి. మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగితే ఆ నాళాలు దెబ్బతింటాయి. అప్పుడు స్క్రూలు బిగించినా ఎముక అతకకపోవచ్చు, అతికినా ఏడాది రెండేళ్లకు బంతి చచ్చుబడి కుంగిపోవచ్చు. ఆ వయసులో రెండో ఆపరేషన్ పెట్టుకోకుండా మొదటే బంతి మార్చేస్తారు. బాగా తిరుగుతూ ఉన్నవారికైతే బంతి కూర్చునే గిన్నెతో సహా మారుస్తారు. మెడ విరిగినా ముక్కలు కదలకపోతే సాధారణంగా మూడు స్క్రూలు చాలు.

తాతగారికి బొడిపెల దగ్గర విరిగి ఉండాలి. అక్కడ రక్తానికి లోటు లేదు, ఎముక అతుకుతుంది. అతికేదాకా కదలకుండా పట్టి ఉంచడమే సమస్య. రెండు మూడు ముక్కలై నిలకడగా ఉంటే ప్లేటు, జారే స్క్రూ వేస్తారు. నలిగిపోయినా, పగులు చిన్న బొడిపె కిందికి దిగినా ఎముక బోలులోకి రాడ్డు దించాలి.

కట్టు సంగతి. తుంటి కీలు కండల లోతున ఉంటుంది, పైన ఎంత బిగించినా ముక్కలు ఆగవు. బొడిపెల దగ్గర విరిగింది మంచంమీదే అతికినా కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగిపోతుంది. అంతకు ముందే పడక పుళ్లు, నిమ్ము, కాలి సిరల్లో రక్తం గడ్డలు వచ్చిపడతాయి. ముసలివాళ్లను తీసుకుపోయేవి ఎక్కువగా ఇవే. వేరే పెద్ద అడ్డంకి లేకుంటే 48 గంటల్లోపు ఆపరేషన్, మర్నాడే వాకరుతో నిలబెట్టడం జరగాలి. శ్రీకాకుళం తీసుకెళ్లినా, బరంపురం తీసుకెళ్లినా కాలు లాగి సరిచేయకండి. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి వదులుగా కలిపి కట్టండి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ వెంట ఉండాలి.

ఇంకొక మాట: ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా కాలు మోపలేకపోతుంటే ఎమ్మారై అడగండి. సన్నటి పగులు ఎక్స్‌రేకు అందదు, నడిపిస్తే అదే జరిగి పెద్దదవుతుంది.

ప్రశ్న: నాకు 68. ఎముకల క్యాంపులో మడమ మీద మిషను పెట్టి -1.9 అన్నారు. విశాఖలో డెక్సా (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) తీస్తే నడుము -1.3, తొడ ఎముక మెడ -2.7. ఏది నమ్మాలి?
– బరంపురం

జవాబు: డెక్సానే. మడమ మిషను ఎవరిని డెక్సాకు పంపాలో చెప్పడానికి పనికొస్తుంది, అంతే. టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతరం ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) -1 వరకు మామూలు, -1కీ -2.5కీ మధ్య ఎముక పలుచబడడం, -2.5 లేదా ఇంకా తక్కువైతే గుల్లబారడం. నడుము, తుంటి అంకెల్లో తక్కువదే లెక్క. అంటే మీకు మందు అవసరం. నడుము అంకె చూసి ధైర్యపడకండి: ఈ వయసులో వెన్నుపూసల అంచుల్లో పెరిగిన ఎముక ముళ్లను కూడా మిషను సాంద్రతగానే లెక్కేస్తుంది. మళ్లీ తీయించేటప్పుడు అదే మిషను మీద తీయించండి.

పర్లాకిమిడి పాఠకురాలూ ఇది చదవాలి. మామూలుగా నిలబడి పడినందుకే తుంటి విరిగితే స్కోరు ఎంతున్నా ఎముక గుల్లబారినట్టే. రాడ్డో బంతో వేసి ఇంటికి పంపిస్తారు, ఎముకకు మందు మాత్రం ఎవరూ రాయరు. రెండో తుంటి అలాగే మిగిలిపోతుంది. డిశ్చార్జి రోజే అడగండి.

ప్రశ్న: ఎముక గుల్లబారినందుకు వారానికొక అలెండ్రోనేట్ మాత్ర వేస్తే గుండెల్లో మంట. మానేయనా?
– గుణుపురం

జవాబు: ముందు వేసుకునే తీరు చూడండి. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో 70 మిల్లీగ్రాముల మాత్ర మింగి, అరగంట పడుకోకూడదు, టీ కూడా తాగకూడదు. కాల్షియం మాత్ర వేరే పూటకు. అంబలి తాగే ఇళ్లలో కాల్షియం మాత్ర ఎక్కువ అక్కర్లేదు: 100 గ్రాముల చోడి (రాగి) పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, రోజంతటికీ కావలసింది 1000 నుంచి 1200. ఇలా వేసుకున్నా మంట తగ్గకపోతే, లేక మింగడం కష్టమైతే, మాత్ర ఆపి డాక్టరును కలవండి. ఏడాదికొకసారి సెలైన్లో ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆమ్లం ఉంది. కిడ్నీ పరీక్ష, విటమిన్ డి చూశాకే అది. పన్ను పీకించాల్సింది ఉంటే ఆ పని ముందే ముగించుకోండి.