బీపీటీ అయ్యాక ఎంపీటీనా, అమెరికానా? ముందు అమ్మాయిని అడిగారా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. ఉత్తరం పెద్దది, కుదించి ఇస్తున్నాను: "మా అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు రాలేదు, బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేర్పించాం. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. తను ఇక్కడే ఎంపీటీ న్యూరో, అంటే నరాల జబ్బుల ఫిజియోలో పీజీ చేస్తానంటోంది. ఎంపీటీ చేసినా జీతాలు ఉండవని అందరూ అంటున్నారు. అమెరికాలో ఎంఎస్ చేస్తే రెండేళ్లలో అక్కడే ఫిజియోగా సెటిల్ అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. లోన్ కోసం పొలం తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధమే. బంధువుల పిల్లలంతా అయితే ఎంబీబీఎస్, లేకపోతే అమెరికా. డీపీటీ అని ఇంకోటి ఉందట. ఎంపీటీనా, ఎంఎస్సా, డీపీటీనా, తేల్చి చెప్పండి."

తేల్చే చెబుతానండీ. కానీ ఒక మాట ముందు అనకుండా ఉండలేను. మీరు అడుగుతున్నది ఇప్పుడు చదవాల్సిన కోర్సు గురించి, మీ బాధ మాత్రం అప్పుడు రాని ఎంబీబీఎస్ సీటు గురించి. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి, ఊరు మారుతుంది, కన్సల్టెన్సీ పేరు మారుతుంది, ఆ "సీటు రాలేదు, బీపీటీలో చేర్పించాం" అన్న వాక్యం మాత్రం మారదు. మీ అమ్మాయి ఏం చేయాలనుకుంటోందో ఉత్తరం మొత్తంలో ఒక్క ముక్కలో రాశారు. బంధువుల గురించి అంతకన్నా ఎక్కువే రాశారు. నాలుగేళ్లు చదివి, వార్డుల్లో తిరిగి, "నాకు న్యూరో కావాలి" అని పేరు పెట్టి చెప్పగలిగిన పిల్ల మీకుంది. ఇంటర్న్‌షిప్ అయిపోవచ్చినా ఏం కావాలో తెలియని పిల్లలు నా దగ్గరికి ఎందరో వస్తారు. మీ ఇంట్లో ఆ ఇబ్బంది లేదు, ముందు అది గుర్తించండి.

ఇక ఆ ఎంఎస్ సంగతి, ఎందుకంటే పొలం కాగితాలు దానికోసమే బయటికి తీశారు కాబట్టి. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టుగా పేషెంటు మీద చెయ్యి వేయాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ కావాలంటే ఎన్‌పీటీఈ అనే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కూర్చోవడానికి ఉన్న దారులు రెండు. అక్కడ క్యాప్టీ అనే సంస్థ గుర్తింపు ఉన్న డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) చదవడం ఒకటి. మన దగ్గర చదివిన ఫిజియోథెరపీ వాళ్ల చదువుకు సమానమేనని ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థ చేత మదింపు చేయించుకోవడం రెండోది. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఎంఎస్ గానీ, కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) ఎంఎస్ గానీ, హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్ గానీ ఈ రెండింటిలో ఏదీ కాదు. కన్సల్టెన్సీ వాళ్లు "ఎంఎస్" అన్నారు సరే, దేంట్లో ఎంఎస్ అని మీరు అడిగారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. పొలం తాకట్టు దాకా వెళ్లిన మనిషి కోర్సు పేరు తెలుసుకోకుండా వెళ్లడం ఏంటండీ? బర్రెను కొనేటప్పుడు ఇంతకన్నా ఎక్కువ ప్రశ్నలు వేస్తాం కదా.

హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ చెడ్డ చదువని నేననడం లేదు. ఆసుపత్రి రికార్డులు, డేటా, సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అది పనికొచ్చే కోర్సే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న ప్రోగ్రాం అయితే చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే పనిచేసుకునే అనుమతి, ఒక ఏడాది, దాని మీద ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. బీపీటీ పిల్లల్లో ఈ దారి ఇప్పుడు ఫ్యాషన్ అయిపోవడానికి అసలు కారణం ఆ మూడేళ్లే. నా అనుమానమంతా ఇక్కడే. రెండేళ్ల చదువు, మూడేళ్ల ఓపీటీ కలిపితే పిల్ల ఐదేళ్లు పేషెంటుకు దూరంగా ఉంటుంది. ఫిజియోథెరపీ చేతిలో ఉండే విద్య, కీలు ఎక్కడ పట్టేసిందో, కండరం ఎంత బిగుసుకుందో వేళ్లకు తెలియాలి. ఐదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్న చేతికి అదెలా నిలుస్తుంది? ఆ తర్వాత హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో పేరు రాకపోతే పిల్ల ఇంటికొచ్చాక అటు ఐటీలోనూ కొత్తే, ఇటు క్లినిక్‌లోనూ కొత్తే. పైగా 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్‌1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని అమెరికా ప్రకటించింది. ఏ నియమం ఎప్పుడు మారుతుందో తెలియని చోట, "రెండేళ్లలో సెటిల్" అని ఎవరైనా హామీ ఇస్తున్నారంటే ఆ హామీ కాగితం మీద రాసిస్తారా అని అడగండి.

డీపీటీ అలా కాదు, అది నిజంగా ఫిజియో అవ్వడానికి చదివే చదువే. 2016 నుంచి అక్కడ ఈ వృత్తిలోకి రావాలంటే గుర్తింపున్న ప్రోగ్రాములన్నీ డీపీటీలే, బ్యాచిలర్స్, మాస్టర్స్ స్థాయివి పోయాయి. దాదాపు మూడేళ్లు, వేసవి సెలవులు పెద్దగా లేకుండా సాగుతుంది. మొదట్లోనే శవాన్ని కోసి నేర్చుకునే అనాటమీ, కోర్సు మొత్తం మీద కనీసం 30 వారాల ఫుల్‌టైమ్ క్లినికల్ పోస్టింగ్. దరఖాస్తు చాలా ప్రోగ్రాములకు పీటీక్యాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా, ఏటా జూన్‌లో మొదలవుతుంది. జీఆర్ఈని చాలా చోట్ల ఎత్తేశారు కాబట్టి దాని మీద టెన్షన్ వద్దు. చూడాల్సింది ప్రీరిక్విజిట్లు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి డిగ్రీ స్థాయిలో, కొన్ని ల్యాబ్‌తో సహా చదివి ఉండాలంటారు. మన బీపీటీలో ఇంటర్ తర్వాత కెమిస్ట్రీ ఎక్కడ చదివారు? కొన్ని యూనివర్సిటీలు ఈ సబ్జెక్టులు అమెరికా కాలేజీలోనే చదవాలని పట్టుబడతాయి కూడా. లైసెన్స్ ఉన్న థెరపిస్టు దగ్గర అబ్జర్వేషన్ గంటలు, వాళ్ల రికమెండేషన్ లెటర్ అడిగే చోట్లూ ఎక్కువే. ట్యూషన్ ఒక్కటే లక్ష డాలర్లు దాటే ప్రోగ్రాములు బోలెడు, అంటే మన డబ్బుల్లో 80 లక్షల పైమాటే, తిండి, అద్దె వేరు. ఇంతా చేసి మీ అమ్మాయి బీపీటీలో నేర్చుకున్నదే చాలావరకు మళ్లీ నేర్చుకుంటుంది. స్తోమత ఉన్నవాళ్లకు వద్దనను. పొలం తాకట్టు పెట్టి వెళ్లేవాళ్లకు మాత్రం గట్టిగానే వద్దంటాను.

మరి అమెరికా తలుపు మూసుకుపోయిందా? లేదు. ఇందాక చెప్పిన రెండో దారి ఉంది కదా, మన చదువును మదింపు చేయించుకోవడం. అందులో సబ్జెక్టు సబ్జెక్టుకూ క్రెడిట్లు లెక్కేస్తారు, మన బీపీటీకి కొన్నిచోట్ల లోటు పడుతుంది, ఎంపీటీలో చదివిన సబ్జెక్టులు ఆ లోటు పూడ్చడానికి పనికొస్తాయి. కాబట్టి ఎంపీటీ చేస్తే అమెరికా అవకాశం పోతుందన్న భయం పెట్టుకోకండి. అక్కడ ఫిజికల్ థెరపిస్టులు షెడ్యూల్ ఎ అనే జాబితాలో ఉన్నారు, నర్సులతో పాటు. అంటే గ్రీన్‌కార్డు వేసేటప్పుడు లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అక్కడివాళ్లు దొరకడం లేదని చూపించడం) అనే మెట్టు వీళ్లకు ఉండదు, అయినా భారత్‌లో పుట్టినవాళ్లకున్న పొడవైన క్యూలో నిలబడక తప్పదు, అది దాచి చెప్పకూడదు. ఎన్‌పీటీఈ గురించి ఇంకో జాగ్రత్త: జీవితంలో ఆరుసార్లే రాయనిస్తారు. "పాత ప్రశ్నలు గుర్తుపెట్టుకుని చెబుతాం" అనే కోచింగుల జోలికి అస్సలు వెళ్లొద్దు. ఇలాంటి పనుల వల్లే 2010లో భారత్, పాకిస్తాన్, ఈజిప్టు, ఫిలిప్పీన్స్ కాలేజీల్లో చదివినవాళ్లకు ఆ పరీక్షనే కొంతకాలం ఆపేశారు, తప్పు చేయని పిల్లలు కూడా ఇరుక్కుపోయారు.

ఎంపీటీకి వద్దాం. రెండేళ్లు, అందులో ఒక స్పెషాలిటీ, ఒక థీసిస్. హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, తిరుపతి స్విమ్స్‌లో ఉంది, ఎన్టీఆర్, కాళోజీ హెల్త్ యూనివర్సిటీల కింద ప్రైవేటు కాలేజీలున్నాయి, కర్ణాటక వైపు మంగళూరు, మణిపాల్ కూడా చూడొచ్చు. సీటు దొరికింది కదా అని ఎక్కడపడితే అక్కడ చేరొద్దు. న్యూరో ఎంపీటీ అంటున్నారంటే ఆ కాలేజీ ఆసుపత్రిలో న్యూరాలజీ వార్డు, న్యూరోసర్జరీ ఐసీయూ నిజంగా నడుస్తున్నాయా, రోజూ ఎందరు పేషెంట్లు వస్తున్నారు, పీజీ పిల్లలకు వాళ్లను ముట్టుకోనిస్తారా, స్టైపెండ్ ఇస్తారా ఇవ్వరా, గైడ్ ఎవరు. ఇవి బ్రోచర్‌లో ఉండవు. అమ్మాయిని వెళ్లి సెకండియర్ పీజీలతో క్యాంటీన్‌లో అరగంట మాట్లాడమనండి, అన్నీ తెలుస్తాయి.

ఆ న్యూరోలో ఏముందని మీకు అనిపిస్తోంది కదా. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలనుకోండి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే, పడిపోయిన ఆ చెయ్యి పట్టుకుని పైకి లాగుతారు. ఆ భుజం చుట్టూ కండరాలకు పట్టు లేదు కాబట్టి కీలు జారుతుంది, ఇక నెలల తరబడి నొప్పి. తెలిసిన ఫిజియో ఆ చేతిని లాగదు. ఆయన పాదాలు రెండూ నేలకు ఆనించి కాస్త వెనక్కి జరిపిస్తుంది, తన మోకాలు ఆయన బలం లేని మోకాలికి ఆనిస్తుంది, రెక్క ఎముక వెనక చెయ్యి వేసి "ముందుకు వంగండి తాతా, ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి" అంటుంది. బరువు కాళ్ల మీద పడగానే నడుము మంచం మీంచి తేలుతుంది, ఆయన తన బలంతోనే లేస్తాడు. ఇది చేయడం వేరు, ఎందుకు చేస్తున్నామో, ఈ పేషెంటుకు రేపు ఏం మార్చాలో తెలిసి చేయడం వేరు. ఆ రెండోది నేర్పడానికే పీజీ. మీ అమ్మాయి ఇంటర్న్‌షిప్‌లో ఇదే చూసి ఉంటుంది, అందుకే న్యూరో అంటోంది. ఒకసారి తనతో పాటు వార్డుకు వెళ్లి చూడండి, మీకు చెప్పడానికి నా మాటలు అక్కర్లేదు.

జీతాలంటారా, మొదట్లో తక్కువే, అబద్ధం చెప్పను. కార్పొరేట్ ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన ఫిజియోకు ఇచ్చేది చూస్తే నాకూ కోపం వస్తుంది. సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోలిస్తే మరీ బాధ. కానీ ఈ పనిలో సంపాదన పేరుతో పాటు పెరుగుతుంది. పక్షవాతం, వెన్నుపాము గాయాలు, పార్కిన్సన్స్, సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, వీళ్లకు నెలలు, ఏళ్ల తరబడి ఫిజియో కావాలి. ఖమ్మం లాంటి ఊళ్లో న్యూరో బాగా తెలిసిన ఫిజియో కోసం జనం హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వస్తోందంటే, మీ అమ్మాయికి పని ఉండదని ఎలా అంటాం? కొంతకాలం పెద్దాసుపత్రిలో పనిచేసి చెయ్యి తిరిగాక, హోమ్ విజిట్లు, సొంత క్లినిక్, టీచింగ్, ఏదైనా చేసుకోగలదు.

పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ, చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉండేది అదే, సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి అని. 2025లో ఆ సంగతి మీద ఢిల్లీలో పెద్ద గొడవే అయింది. పెట్టుకోవద్దని సెప్టెంబరులో హెల్త్ సర్వీసెస్ డైరెక్టరేట్ లేఖ ఇచ్చి వెంటనే వెనక్కి తీసుకుంది. దాని చుట్టూ మీరు నిద్ర పాడు చేసుకోకండి. బంధువుల ముందు "మా అమ్మాయి ఫిజియోథెరపిస్ట్, న్యూరోలో పీజీ చేస్తోంది" అని గొంతు తగ్గించకుండా మీరు చెప్పడం మొదలుపెడితే సగం సమస్య అక్కడే పోతుంది. మీరే "సీటు రాక చేర్పించాం" అంటుంటే వాళ్లు ఇంకేమంటారు? ఆ మాట పిల్ల ఎన్నిసార్లు విని ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

కాబట్టి పొలం జోలికి వెళ్లకండి. ఎంపీటీ న్యూరో చేయనివ్వండి. అమెరికా కోరిక తనకే ఉంటే ఎంపీటీ రెండో ఏడాదిలో మదింపు పని మొదలుపెట్టుకుంటుంది, లేకపోతే లేదు. ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే ఉంది. బీపీటీ నాలుగేళ్ల సిలబస్, సబ్జెక్టు వారీగా థియరీ, ప్రాక్టికల్ గంటలు, ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో ఎన్ని గంటలు చేసిందో, ఇవన్నీ కాలేజీ ముద్ర, ప్రిన్సిపాల్ సంతకంతో రెండు సెట్లు తీసుకోమనండి. ఇంటర్న్‌షిప్ అయిపోక ముందే, క్లర్కు మొహం గుర్తుపడుతున్నప్పుడే. నాలుగేళ్ల తర్వాత వెళ్తే ఆ రికార్డు ఏ బీరువాలో ఉందో చెప్పేవాళ్లు ఉండరు.