లీన్ డబ్బు వస్తుందని చూపించి అప్పు తేకండి

ప్రశ్న: ఫ్రిస్కోలో ఒక ఆఫీసు బిల్డింగ్‌కి సబ్ కాంట్రాక్టర్‌గా టైల్స్, ఫ్లోరింగ్ చేశాను. జనవరి పనికి 19,000 డాలర్లు, ఫిబ్రవరి పనికి 27,000 రావాలి. జనరల్ కాంట్రాక్టర్ మన గుంటూరాయనే, వచ్చే వారం వచ్చే వారం అంటూ ఏప్రిల్ 25 దాకా లాగాడు. లీన్ (బాకీ తీరేదాకా బిల్డింగ్ మీద నమోదు చేసే చట్టపరమైన హక్కు) వేద్దామనుకుంటున్నా. ఈలోపు కుర్రాళ్ల జీతాలకి 25,000 మర్చంట్ క్యాష్ అడ్వాన్స్ (వ్యాపారానికి రాబోయే వసూళ్ల మీద ముందుగా ఇచ్చే డబ్బు) తీసుకుని, లీన్ డబ్బు రాగానే తీర్చేయొచ్చు కదా అన్నా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లీన్ వెయ్యండి. ఆ అడ్వాన్స్ మాత్రం ముట్టుకోకండి. ఈ రెండింటినీ ముడిపెట్టి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

ముందు తేదీలు చూద్దాం. టెక్సస్‌లో సబ్ కాంట్రాక్టర్ ఏ నెల పనికి డబ్బు రాలేదో ఆ నెల తర్వాత మూడో నెల 15వ తేదీలోగా ఓనర్‌కీ జనరల్ కాంట్రాక్టర్‌కీ నోటీసు పంపాలి. అంటే జనవరి పని గడువు ఏప్రిల్ 15తోనే పోయింది. ఆ 19,000కి లీన్ బలం చాలావరకు చేజారినట్టే, కాంట్రాక్టు డబ్బులో ఓనర్ ఆపి ఉంచాల్సిన 10 శాతంలోంచి ఏమైనా రాబట్టొచ్చేమో లాయర్‌ని అడగండి. ఫిబ్రవరి 27,000కి మే 15 దాకా టైముంది. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి, వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటే కుదరదు. తర్వాత నోటరీ చేయించిన లీన్ అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జూన్ 15లోగా కౌంటీ క్లర్క్ దగ్గర ఫైల్ చేసి, అయిదు రోజుల్లో ఇద్దరికీ కాపీ పంపాలి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది, మీ బిల్డింగ్ ఎందులో పడుతుందో చూసుకోండి. ఇళ్ల పనైతే ఈ గడువులు ఒక నెల ముందే అయిపోతాయి. కోపంలో అంకె పెంచి రాయకండి, తెలిసి తప్పుడు లీన్ వేస్తే 10,000 డాలర్లో అంతకంటే ఎక్కువో మీరే కట్టాల్సి వస్తుంది. డబ్బు బ్యాంకులో పడకముందే అంతా ముట్టిందని రాసిన వేవర్ (లీన్ హక్కు వదులుకునే కాగితం) మీద సంతకం కూడా పెట్టకండి.

అయితే లీన్ పడగానే చెక్కు రాదు. బిల్డింగ్ అమ్మాలన్నా రీఫైనాన్స్ చేయాలన్నా అడ్డం పడుతుంది కాబట్టి ఓనర్లు భయపడతారు, నిజమే. కానీ బాండు (ఆ బాకీకి హామీ పత్రం) పెట్టి దాన్ని తీయించుకోనూవచ్చు, కోర్టుకి లాగనూవచ్చు. దావా వేయడానికే వచ్చే ఏడాది జూన్ 15 దాకా గడువుందంటే ఎంత కాలం సాగుతుందో మీరే లెక్క వేసుకోండి. అడ్వాన్స్ ఇచ్చినవాడు అన్నాళ్లు ఆగడు. ఉదాహరణకి 1.4 ఫ్యాక్టర్ (తీసుకున్నదానికి 1.4 రెట్లు తిరిగి కట్టడం) అంటే 25,000కి 35,000 కట్టాలి, ఆరు నెలల్లో అంటే బ్యాంకు పనిచేసే ప్రతి రోజూ సుమారు 278 డాలర్లు. పైగా పర్సనల్ గ్యారంటీ రాయించుకుంటారు. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బుని నమ్ముకుని రోజూ కోసుకుపోయే అప్పు ఎలా తెస్తారండీ?

మీరు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. జనవరి 30న జీతాలు పోయాక బిజినెస్ అకౌంట్‌లో 1,140 డాలర్లు మిగిలాయి, రెండు రోజులకి ఇంటి మార్ట్‌గేజ్ కూడా అందులోంచే పోయి ఓవర్‌డ్రాఫ్ట్ పడింది. నా దృష్టిలో ఏప్రిల్ 15 జారిపోయింది ఇక్కడే. నోటీసు పంపితే ఆ జనరల్ కాంట్రాక్టర్‌కి కోపమొస్తుందని మొహమాటపడ్డారు, ఎందుకంటే ఆయన తర్వాతి పని ఇవ్వకపోతే మరుసటి వారం జీతాలకి మీ దగ్గర దారి లేదు. చేతిలో రెండు నెలల ఖర్చు ఉండుంటే ఏప్రిల్ మొదటి వారంలోనే పంపేవారు. జీతాలు, వ్యాన్, ఇన్సూరెన్స్ కలిపి నెలకి 11,000 అని రాశారు, కాబట్టి 22,000 ఒక విడి అకౌంట్‌లో ఉండాలి. ఇంటికి ఆరు నెలల ఖర్చు ఇంకో అకౌంట్‌లో. ఓనర్ కాంట్రాక్టు డబ్బులో 10 శాతం ఆపినట్టే మీరూ ప్రతి చెక్కులోంచి 10 శాతం అదే రోజు పక్కకి తీసేయండి, పెళ్లి వచ్చినా పండగ వచ్చినా అందులో చెయ్యి పెట్టకండి.

ఈ నెల గడవడానికి తెరవని టైల్స్ బాక్సులు స్టోర్‌కి తిరిగిచ్చేయండి, కొత్త పని ఒప్పుకుంటే మెటీరియల్ డబ్బు ముందే తీసుకోండి. క్రెడిట్ యూనియన్‌లో చిన్న లైన్ ఆఫ్ క్రెడిట్ (అవసరమైనప్పుడు వాడుకునే అప్పు పరిమితి) దొరికితే సరే. మీ ఆవిడ 401కె (రిటైర్మెంట్ పొదుపు) మీద లోను, ఇంటి మీద అప్పు రెండూ వద్దు.

ఈ వారాంతం ఫిబ్రవరి ఇన్వాయిస్‌లు, డెలివరీ స్లిప్పులు, సైటు ఫొటోలు, జనరల్ కాంట్రాక్టర్ పెట్టిన మెసేజ్‌లు ఒక ఫోల్డర్‌లో వేసుకుని సోమవారం కన్‌స్ట్రక్షన్ లాయర్ దగ్గరికి వెళ్లండి. ఆ గుంటూరాయనకి ముందుగా ఫోన్ చేసి చెప్పాలనిపిస్తే చెప్పండి, ఏం మాటిచ్చినా నోటీసు మాత్రం ఆపకండి.