పట్టికలో ఒక్కటి ఉంచి నాలుగు కొట్టెయ్

తిరుపతి

చిరంజీవి అబ్బోడికి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక చూసినాను. నాలుగున్నరకి లేవడం, గంట నడక, యోగా, చక్కెర మానడం, రాత్రి పుస్తకం. అయిదూ సోమవారమే మొదలంట! అట్లా పెట్టుకున్నవి ఆదివారం దాకా పోవు. లేవడం ఒక్కటే ఉంచు, అదీ అయిదున్నరకి.

ఇప్పుడు ఏడుకి లేస్తున్నావు. అయిదు రోజులకొకసారి అలారం 15 నిమిషాలు ముందుకి జరిపితే ఆరు విడతల్లో, అంటే నెలలో, అయిదున్నరకి వస్తావు. పడుకునే వేళ కూడా అదే లెక్కన జరగాల. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పన్నెండుకి పడుకొని అయిదున్నరకి లేస్తే ఏడు గంటల నిద్ర ఎక్కడిది? మూడో రోజు మధ్యాహ్నానికి ఆఫీసులో కళ్ళు మూతలు పడతాయి, సాయంత్రం రెండు కాఫీలు పడతాయి, రాత్రి నిద్ర రాదు. తాగిన అయిదు గంటలకి కూడా కాఫీలోని కెఫీన్ సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటినాక ముట్టుకోవద్దు. ఆదివారమూ అదే టైముకి లే. తొమ్మిది దాకా పడుకుంటే సోమవారం మళ్ళీ మొదటికొస్తావు.

ఫోను ఛార్జరు హాల్లో పెట్టు, అలారానికి మామూలు గడియారం కొనుక్కో. దిండు పక్కన ఫోను పెట్టుకొని చూడకూడదని ఒట్టు పెట్టుకోవడం ఉత్త మాట. సంగటి ఎనిమిదిలోపల తినెయ్.

లేవడం కుదిరినాకే నడక. వేసవిలో మన ఊర్లో ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది, కాబట్టి పళ్ళు తోముకోగానే బూట్లు తొడుక్కో. యూనివర్సిటీ గ్రౌండు దాకా బండి మీద పోయి నడుస్తానంటే బండి మొరాయించిన రోజు నడకా ఉండదు. మీ వీధి చాలు. మొదటి వారం పది నిమిషాలు, తర్వాత వారానికి అయిదు పెంచు. అయిదో వారానికి అరగంట అవుతుంది. వారంలో అయిదు రోజులు అట్లా నడిస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం అదే. నడిచొచ్చి రెండు నెయ్యి దోసెలు లాగించావంటే మాత్రం బరువు తగ్గలేదని నన్ను అడగొద్దు.

గోడకున్న టీటీడీ క్యాలెండర్లో చేసిన రోజు టిక్కు పెట్టు. ఒకరోజు తప్పిందని మానెయ్యొద్దు. లండన్‌లో 96 మందిని గమనించి చూస్తే, అలవాటు దానంతట అది జరిగేదానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 దాకా అని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పడం వల్ల నష్టమేమీ కనపడలేదు. కాబట్టి 21 రోజుల్లో అయిపోతుందనే మాట నమ్మొద్దు.

పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారం అలిపిరి నుంచి తిరుమల కొండ ఎక్కాలంటే వీధి నడక ఒక్కటే సరిపోదు. అక్కడ 3,550 మెట్లున్నాయి, నిలువుగా ఉండే మోకాళ్ళ మెట్టు కాళ్ళు అలిసిపోయినాక చివర్లో తగులుతుంది. రెండు నెలల ముందు నుంచే వారానికి రెండు రోజులు మీ అపార్టుమెంటు మెట్లు ఎక్కు. దిగేటప్పుడు లిఫ్టులో రా, మోకాళ్ళ మీద భారం దిగేటప్పుడే ఎక్కువ.